లెటర్‌హెడ్ ఉత్తరాలు ఆపండి: కెనడాలోని తెలుగు సంఘాలకు, ఆలయ కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యవర్గ సభ్యులకు, ఆలయ కమిటీ పెద్దలకు నమస్కారం.

భార్యనో భర్తనో కెనడా పిలిపించుకోవడానికి స్పాన్సర్‌షిప్ దరఖాస్తు పెట్టుకునేవాళ్లు మీ దగ్గరికి వచ్చి ఒక ఉత్తరం అడుగుతారు. ‘వీరిద్దరూ మాకు తెలుసు, వీరిది నిజమైన వివాహం’ అని లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇస్తారు. మంచి మనసుతోనే ఇస్తున్నారు, అందులో అనుమానం లేదు. కానీ పెళ్లికి వెళ్లని వాళ్లు, అవతలి మనిషిని చూడనైనా చూడని వాళ్లు రాసిన ఉత్తరానికి ఇమిగ్రేషన్ అధికారి దగ్గర బరువుండదు. పేర్లు తప్ప మిగతా వాక్యాలన్నీ ఒకేలా ఉంటే ఉన్న కాస్త బరువూ పోతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. ఉత్తరం దొరికిందన్న ధీమాతో ఆ జంట అసలు చేసుకోవాల్సిన పని పక్కన పెట్టేస్తుంది. ఆ పని ఏమిటో, అందులో మన ఇళ్లలో ఎక్కడెక్కడ తేడాలు వస్తున్నాయో చెప్పి, ఉత్తరాల బదులు మీరేం చేయగలరో అడగడానికే ఈ లేఖ.

ముందు చట్టం అడిగేదేమిటో చూద్దాం. ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ ప్రొటెక్షన్ నిబంధనల్లో 4(1) అనే నిబంధన ఉంది. అది రెండు ప్రశ్నలు వేస్తుంది. ఈ పెళ్లి ప్రధానంగా ఇమిగ్రేషన్ ప్రయోజనం కోసమే జరిగిందా? ఈ బంధం నిజమైనదేనా? 2010 సెప్టెంబరు 30కి ముందు ఈ రెండింటిలోనూ విఫలమైతేనే దరఖాస్తు పోయేది. ఆ రోజు నుంచి ఏ ఒక్కదాంట్లో విఫలమైనా పోతుంది. మొదటి ప్రశ్న పెళ్లినాటి ఉద్దేశం గురించి, రెండోది ఇప్పటి కాపురం గురించి. బిడ్డ పుట్టాడని చూపిస్తే రెండో ప్రశ్నకు గట్టి జవాబే. మొదటిదానికి మాత్రం పెళ్లికి ముందు నెలల్లో ఏం జరిగిందో చూపే కాగితాలు కావాలి. మనవాళ్ల ఫైళ్లలో కొరతంతా అక్కడే. పెళ్లి రోజువి వేల ఫొటోలుంటాయి, పెళ్లికి ముందు నెలలవి ఒక్క కాగితమూ ఉండదు. రుజువు చేసుకునే బాధ్యత దరఖాస్తుదారులదే తప్ప, బంధం బూటకమని తేల్చే బాధ్యత అధికారిది కాదు.

పెద్దలు కుదిర్చిన పెళ్లి అనగానే అనుమానిస్తారన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయంతో కొందరు లేని ప్రేమకథ అల్లి రాస్తున్నారు. దయచేసి అలా రాయనివ్వకండి. కుదిర్చిన పెళ్లిళ్లను పాశ్చాత్య పెళ్లిళ్ల కొలతలతో కొలవకూడదని ఫెడరల్ కోర్టు 2010లోనే చెప్పింది. అయితే మన పద్ధతి ఏమిటో అధికారికి తెలియజెప్పాల్సింది మనమే.

స్పాన్సర్ మూడు వారాల సెలవు మీద ఊరికి వెళ్తాడు. మొదటి వారం పెళ్లిచూపులు, రెండో వారం పెళ్లి, మూడో వారం తిరుగు ప్రయాణం. మనకిది మామూలే. ఫైలు తెరిచిన అధికారికి మాత్రం ‘పరిచయమైన పది రోజులకు పెళ్లి’ అని కనబడుతుంది. నిజానికి ఆ సంబంధం ఆ వారంలో మొదలైంది కాదు. బయోడేటాలు చేతులు మారాయి, జాతకాలు చూపించారు, రెండు వైపులా వాకబు చేశారు, అబ్బాయి అమ్మాయి వీడియో కాల్‌లో మాట్లాడుకున్నారు. వీటి ఆనవాళ్లు అమ్మాయి నాన్నగారి వాట్సాప్‌లో, మధ్యవర్తికి పంపిన మెసేజ్‌లలో, మ్యాట్రిమోనీ సైటు ఖాతాలో ఉంటాయి. పెళ్లి కాగానే ప్రొఫైల్ తీసేస్తారు, పెద్దాయన ఫోను మారుస్తారు. దాంతో మొదటి ప్రశ్నకు పనికొచ్చే రుజువు మొత్తం పోతుంది. సంబంధం ఖాయమైన రోజే ప్రొఫైల్ తయారైన తేదీ, తొలి మెసేజ్‌లు, బయోడేటా పంపిన మెయిల్ తేదీలతో సహా దాచిపెట్టమని చెప్పండి. పదిహేను నిమిషాల పని.

తొందరగా ఎందుకు చేశారన్న ప్రశ్నకు జవాబు మన పంచాంగంలోనే ఉంటుంది. ‘ఆ తర్వాత మూఢం, మళ్లీ ముహూర్తాలు మూడు నెలల దాకా లేవు, స్పాన్సర్‌కు అప్పుడు సెలవు దొరకదు’ అని రెండు వాక్యాల్లో రాసి, సెలవు మంజూరు చేసిన మెయిల్ జతచేస్తే చాలు. పెళ్లయిన కొత్తలో అమ్మాయి నెల రోజులు పుట్టింట్లో ఉంటే అది ఆషాఢమని చెప్పాలి. చెప్పకపోతే ‘పెళ్లయ్యాక కలిసి ఉండలేదు’ అని రాసుకుంటారు. రెండో పెళ్లి కాబట్టి గుళ్లో పదిమంది మధ్య జరిపించామంటే అదీ చెప్పాలి. అతిథులు తక్కువగా ఉండటం, దగ్గరి బంధువులు రాకపోవడం, వయసుల్లో పెద్ద తేడా, వీసా తిరస్కరణకు గురైన కొద్దికాలానికే పెళ్లి జరగడం అధికారుల కన్ను పడే చోట్లు. వీటిలో ఏదుంటే దాన్ని అడగకముందే వివరించడం మేలు. వివరణ లేని ఖాళీని అధికారి తనకు తోచినట్టు పూరించుకుంటారు.

ఈ కథనమంతా రాయాల్సిన చోటు ఐఎంఎం 5532 అనే ఫారం. ఎలా పరిచయమయ్యారు, ఎవరు కలిపారు, మొదటిసారి ఎదురెదురుగా ఎప్పుడు కలిశారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఏ భాషలో మాట్లాడుకుంటారు, ఎన్నిసార్లు వెళ్లి వచ్చారు వంటి ప్రశ్నలన్నీ అందులోనే. చాలామంది దీన్ని చివరి రాత్రి హడావిడిగా నింపుతారు. మేము చెప్పే పద్ధతి వేరు. భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు అడగకుండా, విడివిడిగా, సంబంధం మొదలైనప్పటి నుంచి జరిగినవన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాయాలి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వచ్చిన చోట మెసేజ్‌లు, టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు చూసి అసలు తేదీ తేల్చాలి. అప్పుడు ఫారం నింపాలి. ఇంటర్వ్యూకు పిలిస్తే ఇద్దరినీ వేర్వేరుగా అడిగే అవకాశం ఉంది. బట్టీ పట్టిన జవాబు అక్కడ నిలవదు. గుర్తులేని సంగతి ‘గుర్తులేదు’ అనడమే క్షేమం. పెళ్లికి ఎంతమంది వచ్చారన్న గడిలో భర్త 400 అని, జతచేసిన ఉత్తరంలో మామగారు 1,000 మంది అని రాస్తే ఇద్దరి మాటా తేలికైపోతుంది. లెక్కపెట్టని సంఖ్య ముందు ‘సుమారు’ అని ఉండాలి.

తేదీల దగ్గర మన పెళ్లిళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు అనుకోండి. శుభలేఖలో ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం’ అని వేస్తారు. ఇంగ్లిష్ లెక్కలో అది గురువారం. ఇంట్లో అందరూ బుధవారం పెళ్లి అంటారు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఫారంలో ఇంకో తేదీ పడుతుంది. అన్ని చోట్లా సర్టిఫికెట్‌లోని తేదీనే వాడి, శుభలేఖ అనువాదం కింద ముహూర్తం అర్ధరాత్రి దాటాక అని ఒక్క వాక్యం చేర్చాలి. సర్టిఫికెట్‌లోనే తేదీ తప్పు పడితే దరఖాస్తు పంపేముందే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సరిచేయించుకోవాలి. పేర్లదీ ఇదే తంతు. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో పూర్తి పేరు, శుభలేఖలో పిలుపు పేరు, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరాలు. అవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ ఒకటి చేయించి ముందుగానే జతచేయాలి.

ఇక ఈ లేఖలో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది రిజిస్ట్రేషన్ గురించి. ‘వీసాకు టైం పడుతుంది, ముందు రిజిస్టర్ చేయించేద్దాం, పెళ్లి వచ్చే ఏడాది ఘనంగా చేద్దాం’ అనే అలవాటు మన ఇళ్లలో బాగా పాకింది. హిందూ వివాహ చట్టం, 1955 కింద పెళ్లి అనేది ఆచారం ప్రకారం జరిగే తంతుతో ఏర్పడుతుంది. రిజిస్ట్రేషన్ అలా జరిగినదానికి సాక్ష్యం మాత్రమే. తంతు లేకుండా తీసుకున్న సర్టిఫికెట్‌తో భార్యాభర్తలు కాలేరని 2024 ఏప్రిల్‌లో భారత సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. విదేశీ వీసాల కోసం ముందుగా రిజిస్టర్ చేయించే ఈ అలవాటునే ఆ తీర్పు ప్రస్తావించి తప్పుపట్టింది. కెనడా నిబంధన ప్రకారం పెళ్లి అది జరిగిన దేశపు చట్టం ప్రకారం చెల్లాలి, కెనడా చట్టం ప్రకారమూ చెల్లాలి. జరగని పెళ్లికి పుట్టిన సర్టిఫికెట్ మొదటి పరీక్షలోనే పడిపోతుంది. పైగా వచ్చే ఏడాది జరిగిన ఘనమైన పెళ్లి ఫొటోలు ‘మరి దరఖాస్తులో రాసిన పెళ్లి ఏది?’ అన్న ప్రశ్నకు దారితీస్తాయి. ముందుగా చట్టబద్ధం చేసుకోవాలనుకునేవాళ్లకు స్పెషల్ మ్యారేజ్ చట్టం, 1954 ఉంది. 30 రోజుల నోటీసు తర్వాత అధికారి ముందు చేసుకునే ఆ పెళ్లికి తంతుతో పనిలేదు, అది పూర్తి పెళ్లే. లేదా గుళ్లో సాదాగా తమ ఆచారం ప్రకారం నిజంగానే పెళ్లి చేసుకుని, ఫొటోలు తీసుకుని, ఆ తేదీతోనే రిజిస్టర్ చేయించుకోవచ్చు. విందు ఎప్పుడు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ఆలయ కమిటీలకు ప్రత్యేకంగా ఒక విన్నపం: తంతు జరగకుండా ‘మా ఆలయంలో వివాహం జరిగింది’ అనే పత్రం ఎవరెంత బతిమాలినా ఇవ్వకండి. అబద్ధపు పత్రం బయటపడితే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు, ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ ప్రకారం, ఆ వ్యక్తికి అయిదేళ్లు కెనడా తలుపు మూసుకుపోతుంది.

వీడియో కాల్‌లో తాళి కట్టించినట్టు జరిపించే పెళ్లిళ్లూ పనికిరావు. ఇద్దరిలో ఏ ఒక్కరు పెళ్లి చోట స్వయంగా లేకపోయినా ఆ పెళ్లిని 2015 జూన్ నుంచి స్పాన్సర్‌షిప్‌కు గుర్తించడం లేదు. కెనడా సైన్యంలో ఉండి ప్రయాణ ఆంక్షల వల్ల రాలేనివాళ్లకే మినహాయింపు.

రెండో పెళ్లిళ్లలో విడాకుల కాగితం దగ్గర ఫైళ్లు ఆగిపోతాయి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకుల పత్రాన్ని చాలామంది చట్టబద్ధమనుకుంటారు. కులాచారం ప్రకారం విడాకులు ఉన్నాయని కోర్టులో రుజువు చేస్తే తప్ప దానికి విలువ లేదు. కాబట్టి ఫ్యామిలీ కోర్టు డిక్రీ కావాలి. డిక్రీ వచ్చినా అప్పీలు గడువు దాటాకే మళ్లీ పెళ్లి చేసుకోవాలని హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు 90 రోజులు. డిక్రీ వచ్చిన నెలలోనే ముహూర్తం పెట్టుకుంటే కొత్త పెళ్లి చెల్లుబాటు మీద అనవసరమైన ప్రశ్న వస్తుంది. మూడు నెలలు ఆగడం కంటే తేలికైన మార్గం లేదు.

మేనరికాల గురించి కూడా ఒక మాట. మేనమామను, మేనత్త కొడుకును చేసుకున్నవాళ్లు కెనడాలో తప్పేమోనని బంధుత్వం దాస్తున్నారు. కెనడాలో 1990 నాటి వివాహ నిషేధ బంధుత్వాల చట్టం తల్లిదండ్రులు, బిడ్డలు, తాతలు, మనవలు వంటి నేరు వరుసనూ, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల వరుసనూ మాత్రమే నిషేధించింది. మేనరికం ఆ జాబితాలో లేదు. మన వైపు ఆచారం ఉన్న కుటుంబాలకు హిందూ వివాహ చట్టమూ అడ్డు చెప్పదు. పెళ్లి తప్పు కాదు, దాచడమే తప్పవుతుంది. ఇద్దరి జనన పత్రాల్లో తాతగారి ఊరు, ఇంటిపేరు ఒకటే కనబడుతుంటే దాచి ఎక్కడికి పోతారు? ‘మా కుటుంబంలో ఇది ఆచారం, చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తెలుసు’ అని రాయండి. చిన్ననాటి కుటుంబ ఫొటో ఒకటి జతచేస్తే పరిచయం ఎన్నాళ్లదో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

ఫొటోల సంగతికొస్తే, ఐఎంఎం 5533 చెక్‌లిస్టు 20కి మించి అడగదు. మెసేజ్‌ల వంటి సంభాషణలు 10 పేజీలకు మించకూడదు. దరఖాస్తు పెట్టే రోజున తాజా చెక్‌లిస్టు చూసుకోవాలి, ఫారాలు మారుతుంటాయి. ఇరవైలో పద్దెనిమిది తలంబ్రాలవీ రిసెప్షన్ వేదిక మీదవీ అయితే ఒక్క రోజుకే సాక్ష్యం. పెళ్లిచూపులు, నిశ్చితార్థానికి రెండు మూడు, పెళ్లివి అయిదారు, రెండు వైపుల తల్లిదండ్రులతో ఉన్నవి కొన్ని, మిగతావి తర్వాతి ప్రయాణాలవి, పండగలవి, ఇంట్లో మామూలు బట్టల్లో ఉన్నవి. ప్రతిదాని కింద తేదీ, ఊరు, ఎవరెవరున్నారో రాయాలి. వంటింట్లో అత్తగారి పక్కన నిలబడ్డ మసక ఫొటో స్టూడియో ఫొటో కంటే ఎక్కువ చెబుతుంది.

చాటింగ్‌లో వచ్చే చిక్కు భాష. మన జంటలు మాట్లాడుకునేది ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. ఇంగ్లిష్ అక్షరాలు కదా అని అలాగే పంపితే అధికారికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్‌లో లేని ప్రతి కాగితానికీ అనువాదం కావాలి. గుర్తింపు పొందిన అనువాదకులు కాకపోతే అనువాదం చేసినవారి ప్రమాణ పత్రం కూడా జతచేయాలి. దరఖాస్తుదారులు గానీ వాళ్ల కుటుంబ సభ్యులు గానీ అనువదించకూడదు, ఎంత చదువుకున్నవాళ్లయినా సరే. పది పేజీలే కాబట్టి ఎంపిక జాగ్రత్తగా చేయాలి. ఒకే రోజు గంటల తరబడి సాగిన సంభాషణ వద్దు. పెళ్లికి ముందు నుంచి నిన్నటి దాకా రెండు మూడు నెలలకొకటి చొప్పున చిన్న చిన్న ముక్కలు తీసుకోవాలి. జ్వరం వచ్చి మందుల గురించి అడిగినవి, ఇంటి అద్దె లెక్కలు, అత్తగారి ఆపరేషన్ సంగతులు, చిన్న అలక. ప్రేమ మాటలు ఎవరైనా టైపు చేయగలరు, కాపురం సంగతులు కాపురం చేసేవాళ్ల దగ్గరే ఉంటాయి. ఫోనులో పేరు ‘బంగారం’ అని సేవ్ చేసుకుని ఉంటే స్క్రీన్‌షాట్ తీసేముందు నంబరు కనిపించేలా చేయాలి, లేకపోతే అది ఎవరితో సంభాషణో తెలియదు. ప్రతి పేజీలో తేదీ, సంవత్సరంతో సహా కనబడాలి.

డబ్బు చేతికివ్వడం కంటే బ్యాంకు ద్వారా పంపడం మంచిది. పెద్ద మొత్తాలే పంపాలని లేదు, క్రమం తప్పకుండా ఉంటే చాలు. ఎల్‌ఐసీ పాలసీలో, పీఎఫ్‌లో, బ్యాంకు ఖాతాలో నామినీగా తల్లి పేరు తీసి భార్య పేరు వేయించుకున్న కాగితం చాలా బలమైనది. కెనడాలో ఆఫీసు ఇచ్చే జీవిత బీమాలో లబ్ధిదారుగా చేర్చిందీ అంతే. వీటికి ఖర్చుండదు. ఇమిగ్రేషన్ కోసమని కాదు, పెళ్లయిన ప్రతివాళ్లూ ఎలాగూ చేసుకోవాల్సినవే.

పన్నుల దగ్గర జరిగే పొరపాటు మాత్రం నేరుగా దెబ్బతీస్తుంది. పెళ్లయి ఏడాదయినా భార్య ఇండియాలో ఉంది కదా అని స్పాన్సర్ కెనడా రిటర్న్‌లో ‘సింగిల్’ అనే పెడతాడు. వైవాహిక స్థితి మారిన తర్వాతి నెల ముగిసేలోగా రెవెన్యూ ఏజెన్సీకి తెలియజేయాలి. భాగస్వామి విదేశంలో ఉన్నా ‘మ్యారీడ్’ అనే పెట్టాలి. ఒక ప్రభుత్వ శాఖకు పెళ్లి కాలేదని, మరో శాఖకు అయిందని చెప్పినట్టు ఫైల్లో కనబడితే దాన్ని సర్దడానికి చాలా కాగితం ఖర్చవుతుంది. ఇప్పటికే తప్పు జరిగితే రిటర్న్‌ను సవరించి, ఆ సవరణ పత్రం జతచేయడమే దారి.

ల్యాండింగ్, అంటే శాశ్వత నివాసిగా కెనడాలో దిగడం, ఇంకా కఠినమైన విషయం. నైపుణ్యం ఉన్న ఉద్యోగులను తీసుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పీఆర్ (శాశ్వత నివాసం) ఆమోదం వచ్చాక, ల్యాండ్ అయ్యేలోపు ఊళ్లో పెళ్లి చేసుకుని, ఆ సంగతి చెప్పకుండా ఒంటరిగా ల్యాండ్ అయినవాళ్లున్నారు. ఇలా ప్రకటించని, ఇమిగ్రేషన్ అధికారుల పరిశీలనకు హాజరుకాని జీవిత భాగస్వామిని తర్వాత కుటుంబ తరగతిలో స్పాన్సర్ చేయడానికి 117(9)(డి) నిబంధన ఒప్పుకోదు. ఆ నిషేధానికి కాలపరిమితి లేదు. 2019 సెప్టెంబరులో వచ్చిన తాత్కాలిక సడలింపు శరణార్థులుగా వచ్చినవారికీ, స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవారికీ ఉద్దేశించినది, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లకు వర్తించదు. వాళ్లకు మిగిలేది మానవతా కారణాల మీద చేసుకునే విన్నపం ఒక్కటే, అందులో హామీ ఏమీ లేదు. పీఆర్ ప్రక్రియ మధ్యలో ఉన్న ప్రతి అబ్బాయికీ అమ్మాయికీ ఈ ఒక్క సంగతి చెప్పినా మీ సంఘం పెద్ద మేలు చేసినట్టే.

పెళ్లి చేసుకోని జంటలూ మీ సభ్యుల్లో ఉన్నారు. మన సంఘాల్లో వాళ్ల ఊసు రాదు కాబట్టి వాళ్లు ఎవరినీ అడగలేక ఇబ్బంది పడుతున్నారు. కామన్‌లా అంటే కనీసం ఏడాది పాటు ఒకే ఇంట్లో దంపతుల్లా కలిసి బతికి ఉండటం. ఉద్యోగం కోసమో ఇంట్లో కష్టం వచ్చో కొద్దిరోజులు దూరమైనా ఫరవాలేదు గానీ, కలిసి ఉన్న నెలలను అతుకులు వేసి పన్నెండు చేస్తే కుదరదు. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, ఒకే చిరునామాతో డ్రైవింగ్ లైసెన్సులు, ఉమ్మడి ఖాతా, కరెంటు లేదా ఇంటర్నెట్ బిల్లు, వీటితోపాటు ఐఎంఎం 5409 ప్రమాణ పత్రం. ఇంట్లో తెలియకూడదని లీజులో ఒక్కరి పేరే వేసుకున్న జంటలకు ఇక్కడే గండి పడుతుంది. లీజు మార్చలేకపోతే ఇంటి యజమాని ఉత్తరమైనా, ఇద్దరి పేరా ఆ చిరునామాకు వేర్వేరుగా వచ్చిన ఉత్తరాలైనా నెలవారీగా పోగుచేసుకోవాలి. దంపతుల్లా బతకడం అంటే ఏమిటో చెప్పడానికి కెనడా సుప్రీంకోర్టు 1999లో ఎం వర్సెస్ హెచ్ కేసులో పేర్కొన్న అంశాలే నేటికీ ఆధారం: ఒకే నివాసం, సాన్నిహిత్యం, ఇంటి పనులు పంచుకోవడం, నలుగురిలో జంటగా మెలగడం, ఆర్థిక ఆసరా, పిల్లలు, సమాజం వాళ్లను ఎలా చూస్తోందన్నది.

స్వలింగ జంటలకు కెనడాలో 2005 నుంచి దేశమంతటా వివాహ హక్కు ఉంది. భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆ హక్కును గుర్తించడానికి నిరాకరించింది. కాబట్టి భాగస్వామి ఇండియాలో ఉండి, పెళ్లికీ సహజీవనానికీ దారిలేని జంటకు కాంజుగల్ పార్ట్‌నర్ అనే తరగతి వర్తించవచ్చు. బంధానికి కనీసం ఏడాది నిండాలి, పెళ్లి చేసుకోలేకపోవడానికి నిజమైన అడ్డంకి ఉండాలి. పెళ్లి చేసుకోగలిగి కూడా వాయిదా వేస్తున్నవాళ్లకు ఈ తరగతి కాదు. ఇలాంటి జంటలకు ‘కుటుంబం నుంచి ఉత్తరాలు తెండి’ అని చెప్పకండి. కుటుంబానికి తెలియడమే వాళ్లకు ప్రమాదం కావచ్చు. ఎందుకు తేలేరో వివరించి, స్నేహితుల సాక్ష్యం పెడితే సరిపోతుంది.

దరఖాస్తు ఏ తరగతిలో పెడుతున్నారన్నది కూడా ముందే ఆలోచించాలి. విదేశీ కుటుంబ తరగతిలో తిరస్కరణ వస్తే స్పాన్సర్ 30 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లొచ్చు, అక్కడ కొత్త సాక్ష్యమూ పెట్టుకోవచ్చు. కెనడాలోనే కలిసి ఉంటున్నవాళ్లు పెట్టుకునే ‘ఇన్ కెనడా’ తరగతిలో ఆ అప్పీలు లేదు, 15 రోజుల్లో ఫెడరల్ కోర్టును ఆశ్రయించడమొక్కటే మార్గం. అధికారి నిర్ణయం సమంజసమా కాదా అన్నదే కోర్టు చూస్తుంది, కొత్త ఫొటోలు చూడదు. కెనడాలోనే కలిసి ఉంటున్నవాళ్లు సైతం విదేశీ తరగతిలో పెట్టుకోవచ్చన్నది చాలామందికి తెలియదు. తిరస్కరణ వచ్చిన రోజే అధికారి రాసుకున్న అంతర్గత నోట్స్ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి, రుసుము 5 డాలర్లు. అసలు అనుమానం ఎక్కడుందో తెలియకుండా అదే ఫైలు మళ్లీ పంపితే జవాబూ అదే వస్తుంది. నోట్స్ రాలేదని అప్పీలు గడువు దాటనివ్వకూడదు. తిరస్కరణకు ముందు అనుమానాలు తెలుపుతూ లేఖ వస్తే, అందులో ఇచ్చిన గడువులోగా ప్రతి అనుమానానికీ విడివిడిగా కాగితంతో జవాబివ్వాలి. కోపంగా రాసిన రెండు పేజీల వల్ల ఉపయోగం లేదు.

ఈ పనిలో మీ దృష్టికి వచ్చే ఆడపిల్లలకు ఒక సంగతి తప్పక చెప్పండి. స్పాన్సర్‌షిప్ మీద పీఆర్ వచ్చాక, ‘మాట వినకపోతే నీ పీఆర్ తీయించేస్తా’ అని భర్త బెదిరిస్తే అది వట్టి బెదిరింపు. రెండేళ్లు కలిసి ఉండాలన్న షరతు 2012లో వచ్చింది, 2017లో రద్దయింది. నిజమైన పెళ్లి తర్వాత విడిపోయినంత మాత్రాన పీఆర్ పోదు. విడాకులైనా స్పాన్సర్ ఇచ్చిన మూడేళ్ల పోషణ హామీ అతని మీదే ఉంటుంది. పీఆర్ ఇంకా రాకముందే హింస ఎదురైతే, కుటుంబ హింస బాధితుల కోసం 2019 జూలై నుంచి రుసుము లేని తాత్కాలిక నివాస అనుమతి ఉంది. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని, భర్త వైపు పెద్దలు లేనప్పుడు ఈ మాట చెప్పాలి.

ఇక మేము కోరేది. ఏడాదికి రెండుసార్లు మీ హాల్లో స్పాన్సర్‌షిప్ కాగితాల శిబిరం పెట్టండి. తేదీల పట్టిక రాయించడం, ఫొటోల ఎంపిక, అనువాదాల జాబితా, పేర్ల తేడాలు సరిచూడటం, ఈ నాలుగు పనులు వాలంటీర్లు చేయగలరు. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే అధికారం లాయర్లకు, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లను నియంత్రించే సంస్థ అయిన కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సు ఉన్నవారికి, ఒంటారియోలో లా సొసైటీ పారాలీగల్స్‌కు, క్యూబెక్‌లో నోటరీలకే ఉంది. అందువల్ల విరాళం పేరుతో కూడా ఏమీ తీసుకోవద్దు. పాత తిరస్కరణలు, వీసా గడువు దాటినవి, విడాకుల చిక్కులు ఉన్న ఫైళ్లను లైసెన్సు ఉన్నవారి దగ్గరికే పంపండి. లైసెన్సు ఉందో లేదో కాలేజీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడటం కూడా ఆ శిబిరంలోనే నేర్పండి.

ఉత్తరం తప్పనిసరి అనుకుంటే సంఘం తరఫున కాకుండా, ఆ జంటను దగ్గరగా ఎరిగిన మనిషి తన పేరుతో రాయాలి. ఎప్పటి నుంచి తెలుసు, ఏ సందర్భంలో ఇద్దరినీ కలిసి చూశారు, ఏం గమనించారు, తనను ఎలా సంప్రదించవచ్చు అన్నవి ఒక పేజీలో, సొంత మాటల్లో ఉండాలి. గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. పెళ్లికి వెళ్లి వడ్డించిన పక్కింటాయన ఉత్తరం అధ్యక్షుల వారి ముద్ర కంటే బాగా పనిచేస్తుంది.

మొదటి శిబిరం నవంబరులో పెట్టగలిగితే మంచిది. డిసెంబరు సెలవులకు పెళ్లిచూపులకని, మాఘమాసపు ముహూర్తాలకని ఊళ్లకు వెళ్లేవాళ్లు టికెట్లు కొనుక్కునేది అప్పుడే. రిజిస్ట్రేషన్, విడాకుల గడువు, ల్యాండింగ్, ఈ మూడు విషయాలూ విమానం ఎక్కకముందే వాళ్లకు తెలియాలి.

ఇట్లు,
స్పాన్సర్‌షిప్ కాగితాల పనిలో ఉచితంగా సాయపడే తెలుగు వాలంటీర్లు